చెవిపోగుకూ పచ్చబొట్టుకూ ఒకే వయసు సరిపోతుందా?

ఏడో నెలో తొమ్మిదో నెలో నడుస్తున్న పసిపాపను మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుంటాడు. కంసాలి రెండు చెవి తమ్మెల మీదా కుంకుమతో చుక్కలు పెట్టి, రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో కాస్త వెనక్కి జరిగి చూసుకుంటాడు. తరువాత మొన తేల్చిన సన్నటి బంగారు తీగను ఒక్క ఊపున దించి, కొసలు రెండూ కలిపి మెలిపెడతాడు. పాప గుక్కపట్టి ఏడుస్తుంది, చుట్టూ ఉన్నవాళ్లు అక్షింతలు వేస్తారు, ఫొటో తీస్తారు. ఆ పాపకు పదహారేళ్లు వచ్చాక, పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో, స్నేహితురాళ్లతో కలిసి మణికట్టు మీద చిన్న అక్షరం పొడిపించుకుందామని స్టూడియోకి వెళితే, ఆధార్ కార్డు చూపించమని అడిగి, పద్దెనిమిది నిండలేదని తిప్పి పంపేస్తారు. ఒకే శరీరం మీద, సూదితోనే జరిగే ఈ రెండు పనుల్లో మొదటిదానికి ఆ పాప అభిప్రాయం ఎవరికీ అక్కర్లేకపోయింది. రెండోదానికి ఆమె తానుగా కోరుకున్నా ఆ కోరిక చెల్లలేదు. ఈ తేడా న్యాయమైనదేనా, దీని వెనుక చట్టం ఉందా, లేక అలవాటు మాత్రమే ఉందా అన్నది తెలుగు కుటుంబాలు తరచూ ఎదుర్కొనే ప్రశ్న.

ముందుగా స్పష్టం చేసుకోవలసింది ఏమిటంటే, పచ్చబొట్టుకు ఇంత వయసు, ముక్కు కుట్టించుకోవడానికి ఇంత వయసు అని నేరుగా చెప్పే కేంద్ర చట్టం భారతదేశంలో లేదు. స్టూడియో గోడ మీద కనిపించే ‘18 నిండినవారికి మాత్రమే’ అనే బోర్డు ఆ స్టూడియో తనకు తాను పెట్టుకున్న నియమం. అయితే దాని వెనుక చట్టపు ఆలోచన బొత్తిగా లేదనుకోవడం పొరపాటు. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండితేనే మేజరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత లేదు, మైనరు చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని మొహొరీ బీబీ కేసులో 1903లో అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు అయిన ప్రివీ కౌన్సిల్ తేల్చింది. కాబట్టి పదహారేళ్ల పిల్ల చేత ‘ఏం జరిగినా నాదే బాధ్యత’ అన్న కాగితం మీద సంతకం పెట్టించుకుంటే, స్టూడియోకు ఆ కాగితం ఎందుకూ కొరగాదు.

అసలు చిక్కు మాత్రం శిక్షాస్మృతిలో ఉంది. సూదితో చర్మాన్ని పొడవడం చట్టం దృష్టిలో నొప్పి కలిగించే పనే, దానిని నేరం కాకుండా చేసేది అవతలి మనిషి సమ్మతి. పాత భారత శిక్షాస్మృతిలోని 87వ సెక్షన్, ఇప్పుడు 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 25వ సెక్షన్, ఈ సంగతే చెబుతుంది: ప్రాణహాని గానీ తీవ్రమైన గాయం గానీ కలిగించే ఉద్దేశం లేని పనిని, 18 ఏళ్లు దాటిన మనిషి ఒప్పుకుని చేయించుకుంటే, దానివల్ల కలిగే హాని నేరం కాదు. పాత స్మృతి దీనికి ఇచ్చిన ఉదాహరణ, సరదాకి కత్తిసాము చేసే ఇద్దరి మధ్య తగిలే దెబ్బలు. పచ్చబొట్టు కూడా సరిగ్గా ఈ గూటిలోనే ఇముడుతుంది, ఎందుకంటే దానివల్ల వైద్యపరమైన మేలేమీ లేదు, కేవలం ఇష్టం ఉంది.

పసిపిల్లల సంగతికి వేరే సెక్షన్ ఉంది. పాత 89వ సెక్షన్, కొత్త 27వ సెక్షన్, పన్నెండేళ్ల లోపు పిల్లల మేలు కోరి సంరక్షకుడి సమ్మతితో సద్బుద్ధితో చేసిన పనికి రక్షణ కల్పిస్తుంది. చెవులు కుట్టించడానికి ఈ రక్షణ వర్తిస్తుందని చెప్పుకోవచ్చు. అది చాలదనుకుంటే, మామూలు తెలివి ఉన్న మనిషెవరూ ఫిర్యాదు చేయనంత స్వల్పమైన హాని నేరం కాదనే మరో సెక్షన్ కూడా ఉంది. ఇక మిగిలింది పన్నెండుకూ పద్దెనిమిదికీ మధ్య ఉన్న వయసు. ఆ పిల్లలు తమ మేలు కోసం చేసే పనికి, ఉదాహరణకు వైద్యానికి, సమ్మతి ఇవ్వగలరని ఈ సెక్షన్లను కలిపి చదివితే అర్థమవుతుంది. మేలూ కీడూ లేకుండా కేవలం ఇష్టం కొద్దీ చేయించుకునే పనికి మాత్రం వాళ్ల సమ్మతి చెల్లదు. తల్లిదండ్రుల సమ్మతికి రక్షణ ఇచ్చే సెక్షన్ పన్నెండేళ్ల దగ్గరే ఆగిపోయింది. అంటే పదిహేనేళ్ల కొడుకును తండ్రే వెంటబెట్టుకుని వచ్చి ‘నేను ఒప్పుకుంటున్నాను, పొడవండి’ అన్నా, పొడిచినవాడికి ఈ సెక్షన్లలో నిలబడదగిన రక్షణ కనిపించదు. చాలా స్టూడియోల్లో ‘తల్లిదండ్రులు వెంట ఉంటే సరే’ అన్న వాడుక ఉంది గానీ, ఆ వాడుక కింద చట్టపు పునాది పలచగా ఉంది. ముఖం మీద పొడిస్తే సమస్య ఇంకా పెద్దది. తలకు గానీ ముఖానికి గానీ శాశ్వతమైన వికారం కలిగించడం తీవ్రమైన గాయాల జాబితాలో ఉంది కాబట్టి, ఆ కోణంలో వాదించే వీలు ఫిర్యాదుదారుకు దొరుకుతుంది.

ఇదే ప్రశ్న బ్రిటన్‌లో ఒక కేసుగా వచ్చింది. పన్నెండు, పదమూడేళ్ల ఇద్దరు కుర్రాళ్లు అడిగి మరీ చేతుల మీద పచ్చబొట్లు పొడిపించుకున్నారు. ఆ చోట్లు వాచిపోయాయి. పిల్లలు ఒప్పుకున్నారు కదా అని పొడిచినవాడు వాదించినా, ఆ పని స్వభావం ఏమిటో అర్థం చేసుకోలేని వయసులో ఇచ్చిన సమ్మతి సమ్మతి కాదని 1967 నాటి బరెల్ వర్సెస్ హార్మర్ కేసులో కోర్టు నేరాన్ని నిలబెట్టింది. రెండేళ్లకు, 1969లో, మైనర్ల పచ్చబొట్ల చట్టం వచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండనివారికి పచ్చబొట్టు పొడవడం నేరమని, వైద్య కారణం ఉండి వైద్యుడు గానీ ఆయన పర్యవేక్షణలో పనిచేసేవారు గానీ చేస్తే తప్ప మినహాయింపు లేదని ఆ చట్టం చెప్పింది. తల్లిదండ్రుల అనుమతి అన్న మాటకే అందులో చోటు లేదు. శిక్ష పడేది పొడిచినవాడికే, పొడిపించుకున్న పిల్లలకు కాదు. వచ్చినవాడికి 18 నిండాయని నమ్మడానికి సరైన కారణం ఉండి, నిజంగానే అలా నమ్మానని చూపగలిగితే పొడిచినవాడు బయటపడతాడు. ఈ ఒక్క వాక్యం వల్లే అక్కడి దుకాణాలు గుర్తింపు కార్డు చూసి వివరాలు రాసిపెట్టుకోవడం నేర్చుకున్నాయి. చట్టం ఎంత చిన్నదైనా బాధ్యతను ఎవరి మీద పెట్టాలో తేల్చుకున్నందువల్ల పనిచేసింది.

అదే బ్రిటన్ కుట్టించుకోవడం విషయంలో ఒక్క అంకె దగ్గర ఆగలేదు. ఇంగ్లండ్‌లో చెవులు, ముక్కు కుట్టించుకోవడానికి చట్టం కనీస వయసు పెట్టలేదు. స్కాట్లండ్‌లో 2006 నాటి లైసెన్సు నియమాల ప్రకారం పదహారేళ్ల లోపు వారికి తల్లి గానీ తండ్రి గానీ వెంట ఉండి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. వేల్స్‌లో 2017 నాటి ప్రజారోగ్య చట్టం ప్రకారం, 2018 ఫిబ్రవరి 1 నుంచి, పద్దెనిమిదేళ్ల లోపు వారికి రహస్యాంగాల దగ్గర కుట్టడం తల్లిదండ్రులు ఒప్పుకున్నా నేరమే, ఆ జాబితాలో నాలుకను కూడా చేర్చారు.

అమెరికాలో ఈ సంగతి రాష్ట్రాల చేతిలో ఉంది, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఊరు మారినప్పుడల్లా నియమం కూడా మారుతుంది. న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో పద్దెనిమిదేళ్ల లోపు వారికి పచ్చబొట్టు తల్లిదండ్రులు ఒప్పుకున్నా నిషిద్ధం. ఫ్లోరిడాలో 16, 17 ఏళ్ల వారికి తల్లిదండ్రులు వెంట వచ్చి, నోటరీ చేయించిన అనుమతిపత్రం ఇస్తే చెల్లుతుంది, పదహారు నిండనివారికి వైద్య అవసరానికి తప్ప చెల్లదు. టెక్సస్‌లో ఒక మినహాయింపు ఉంది, అది మనసును కదిలిస్తుంది. అసభ్యమైనదో, ముఠాలకో మత్తుమందులకో సంబంధించినదో అయిన పాత పచ్చబొట్టు పిల్లల ఒంటి మీద ఉంటే, దాన్ని కప్పివేయడానికి మాత్రం తల్లిదండ్రుల సమక్షంలో కొత్తది పొడవవచ్చు. ఎవరో చేసిన తప్పును ఆ బిడ్డ పద్దెనిమిదేళ్లు నిండేదాకా మోసుకు తిరగనక్కర్లేదని చట్టం తెలుసుకుంది.

పచ్చబొట్టుకు గట్టి హద్దు, చెవి తమ్మెకు సడలింపు అనే ఈ తేడా చట్టసభలు ఊహించి పెట్టింది కాదు, శరీర ధర్మం నుంచి వచ్చింది. చర్మం పై పొర ఎప్పటికప్పుడు రాలిపోయి కొత్తది వస్తూ ఉంటుంది. పచ్చబొట్టు సూది ఆ పొరను దాటి ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున రెండో పొరలో రంగును వదులుతుంది. పరాయి పదార్థం వచ్చిందని శరీర రక్షణ కణాలు దానిని మింగి, అరిగించుకోలేక, అక్కడే ఉండిపోతాయి. పచ్చబొట్టు చెరగకపోవడానికి కారణం ఇదే. లేజరుతో తీయించుకోవచ్చని యువత ధైర్యంగా చెబుతారు గానీ, దానికి వారాల ఎడంతో అనేకసార్లు తిరగాలి, పొడిపించుకున్న దానికంటే తీయించుకోవడానికి ఖర్చు ఎక్కువ అవుతుంది, నలుపు తేలిగ్గా పోయినా ఆకుపచ్చ, పసుపు రంగులు మొండికేస్తాయి. పైగా పద్నాలుగేళ్ల చెయ్యి ఇంకా ఎదిగే చెయ్యి, దానితోపాటు బొమ్మా సాగుతుంది. తమ్మెకు పడిన రంధ్రం అలా కాదు. పోగు తీసేస్తే క్రమంగా పూడుకునే అవకాశం ఉంది, పూడకపోయినా ఒక చిన్న చుక్కగా మిగులుతుంది, అది చూసి ఎవరూ ఉద్యోగం కాదనరు.

ఉద్యోగం మాట తెలుగు రాష్ట్రాల్లో తేలికగా తీసిపారేయదగినది కాదు. తెల్లవారుజామున కాలేజీ గ్రౌండుల్లో, ఊరి బయట రోడ్ల మీద పరుగులు తీసే కుర్రాళ్లలో ఎందరికో ఆర్మీ సెలక్షనే జీవితాశయం. సైనిక నియామక నిబంధనల ప్రకారం శాశ్వత పచ్చబొట్టు మోచేతి నుంచి మణికట్టు వరకు లోపలి వైపున, లేదా అరచేతి వెనుక వైపున మాత్రమే ఉండవచ్చు, మరెక్కడ ఉన్నా అభ్యర్థిని తిరస్కరిస్తారు. ఆచారంగా పచ్చబొట్లు వేయించుకునే గిరిజన తెగల వారికి మాత్రం సడలింపు ఉంది. అగ్నివీర్‌కు దరఖాస్తు చేసుకునే కనీస వయసు పదిహేడున్నర. జాతరలో పదిహేనో ఏట మెడ మీదో భుజం మీదో అభిమాన నటుడి పేరు పొడిపించుకున్న కుర్రాడు, రెండున్నరేళ్ల తరువాత, 1600 మీటర్ల పరుగు నెగ్గి కూడా వైద్య పరీక్ష గదిలో చొక్కా విప్పగానే వెనుదిరగవలసి వస్తుంది. పొడిచినవాడికి ఆ నిబంధన తెలిసి ఉండదు, తెలిసినా చెప్పే బాధ్యత ఈనాడు అతని మీద లేదు.

జాతర మాట వచ్చింది కాబట్టి అక్కడ జరిగేది దగ్గరగా చూడడం అవసరం. గొడుగు కింద స్టూలు, బ్యాటరీతో నడిచే చిన్న మెషిను, అట్ట మీద అంటించిన బొమ్మల షీటు, ఒక సీసా మూతలో నల్లరంగు. ఒక చెయ్యి అయిపోగానే అదే గుడ్డతో సూది తుడిచి, అదే మూతలోని రంగులో ముంచి, తరువాతి చెయ్యి పట్టుకుంటారు. రక్తం అంటిన సూది ద్వారా హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్ఐవి వ్యాపించే ప్రమాదం ఉంది, ఆ ముంచిన రంగు కూడా సూదితో సమానమే. పచ్చబొట్టు వేయించుకున్న వారి నుంచి రక్తనిధి కేంద్రాలు కొన్ని నెలల పాటు రక్తం తీసుకోకపోవడానికి కారణం కూడా ఇదే. ఆ గొడుగు కింద వయసు అడిగేవారు ఉండరు, కూర్చునే వారిలో మీసం రాని పిల్లలే ఎక్కువ కనిపిస్తారు. వయసు నియమం గురించి మాట్లాడేవారంతా నగరాల్లోని ఏసీ స్టూడియోలనే తలుచుకుంటారు గానీ, నియమం నిజంగా అవసరమైన చోటు ఈ గొడుగు కిందే.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు, అది సబబైనదే. మన అవ్వల నుదుటి మీద, గడ్డం మీద, ముంజేతుల మీద ఉన్న పచ్చబొట్లన్నీ చిన్నతనంలో వేయించినవే కదా అని. ఎరుకలసానులు సోది చెబుతూ, పచ్చబొట్లు పొడుస్తూ ఊళ్లు తిరిగిన కాలంలో దీపపు మసిని ఆకు పసరులో కలిపి, సూదులు కట్టి, ఆడపిల్లలకు పెళ్లికి ముందే పొడిచేవారు. ఆదిలాబాద్ గోండు గూడేల్లో పెద్దవాళ్ల ఒంటి మీది గుర్తులు అలంకారాన్ని మించినవి, మనిషి పోయాక వెంట వచ్చేది అదొక్కటేనన్న నమ్మకం వాటి వెనుక ఉంది. ఆ సంప్రదాయాన్ని నేరంగా చూడడం అన్యాయం. అయితే ఆనాటి పచ్చబొట్టు ఆ పిల్లను తన సమాజంలోకి చేర్చుకునే గుర్తు, దానివల్ల ఆమెకు ఎక్కడా తలుపు మూసుకోలేదు. ఈనాడు పదిహేనేళ్లకు వేయించుకునేది చాలావరకు ఆ ఏడాదికి చెందిన ప్రేమో, అభిమానమో, స్నేహితుల పందెమో. రెండింటినీ ఒకే మాటతో పిలుస్తున్నా రెండూ ఒకటి కావు. సైనిక నిబంధనల్లోని గిరిజన సడలింపు ఈ తేడాను ఇప్పటికే గుర్తించింది, వయసు చట్టం ఏదైనా వస్తే అది కూడా గుర్తించాలి.

చెవుల విషయానికి వస్తే, పసివయసులో కుట్టించడం తప్పనే వాదన విదేశాల్లో బలంగా ఉంది. 2015లో బ్రిటన్‌లో దీన్ని నిషేధించాలంటూ వేలమంది ఆన్‌లైన్ వినతిపత్రం మీద సంతకాలు చేశారు. తన ఇష్టం చెప్పలేని బిడ్డకు అవసరం లేని నొప్పి ఎందుకన్నది వారి ప్రశ్న, దాన్ని కొట్టిపారేయడానికి లేదు. దీనికి సంప్రదాయం దగ్గర ఉన్న సమాధానం కూడా వినదగినదే. సుశ్రుత సంహిత సూత్రస్థానంలోని పదహారో అధ్యాయం చెవులు కుట్టడానికి ఆరో నెల గానీ ఏడో నెల గానీ తగినదని చెబుతుంది. తమ్మెను ఎండ వైపు పట్టి చూసి, సహజంగా పలచగా కనిపించే చోట సూది దించాలని, చోటు తప్పితే నెత్తురు, నొప్పి ఎక్కువవుతాయని వివరిస్తుంది. ఎంత వయసులో, ఎక్కడ, ఎలా అన్న మూడు ప్రశ్నలనూ ఒకేచోట పెట్టి ఆలోచించిన పాఠం అది. నేటి టీకాల పట్టికతో పోల్చితే ఆ నెలల లెక్క మరింత ఆసక్తికరంగా ఉంటుంది. ధనుర్వాతం, హెపటైటిస్ బిల నుంచి రక్షణ ఇచ్చే పెంటావాలెంట్ టీకా మూడు డోసులు మన దేశంలో 6, 10, 14 వారాలకు వేస్తారు. ఆరో నెలకు ఆ మూడూ పూర్తయి ఉంటాయి. అందువల్ల ఇరవై ఒకటో రోజునే కుట్టించేయాలని తొందరపడే కుటుంబాలు ఆరో నెల దాకా ఆగితే శాస్త్రమూ సమ్మతిస్తుంది, వైద్యమూ సమ్మతిస్తుంది. మచ్చ గడ్డలా పెరిగే కీలాయిడ్ సమస్య కూడా పదకొండేళ్లు దాటాక కుట్టించుకున్నవారిలో ఎక్కువగా కనిపించిందన్న పరిశీలన ఉంది, కాబట్టి ‘పెద్దయ్యాక చూద్దాం’ అన్నది అన్ని విధాలా క్షేమమైన మార్గమేమీ కాదు.

చెవి పై భాగంలోని మృదులాస్థి, ముక్కు, నాలుక, బొడ్డు మధ్యస్థంగా నిలిచే ప్రాంతాలు. తమ్మె ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానితే, మృదులాస్థి మానడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. రక్త ప్రసరణ తక్కువ కాబట్టి అక్కడ చీము పడితే మందు అందడం కష్టం, చెవి ఆకారమే ముడుచుకుపోవచ్చు. నగల దుకాణాల్లో వాడే గన్ను తమ్మెకు సరిపోతుందేమో గానీ, మృదులాస్థిని అది నలిపేస్తుంది, ప్లాస్టిక్ భాగాలున్న గన్నును వేడి ఆవిరితో పూర్తిగా శుద్ధి చేయడమూ కుదరదు. ఇక్కడ అసలు ప్రశ్న రోజూ ఉప్పునీటితో కడుక్కుని, తాకకుండా నెలల తరబడి చూసుకునే ఓపిక ఆ పిల్లకు ఉందా అన్నది. పదమూడేళ్లకు చాలామందికి ఉండదు, పదహారుకు చాలామందికి ఉంటుంది. పదహారేళ్లకు తల్లిదండ్రుల అనుమతితో గేర్లు లేని చిన్న బండి లైసెన్సు ఇచ్చే మోటారు వాహనాల చట్టం మనకు ఉంది, కుట్టించుకోవడానికి కూడా అలాంటి మధ్య మెట్టు పెట్టుకోవడం మన చట్టాలకు కొత్తేమీ కాదు.

ఈ వ్యాసం దృష్టిలో రావలసిన నియమం పొడవైనది కానక్కర్లేదు. తమ్మె కుట్టడాన్ని కుటుంబాలకే వదిలి, టీకాల తరువాతే, శుద్ధి చేసిన సూదితోనే అన్న షరతు పెట్టాలి. మృదులాస్థి, ముక్కు, బొడ్డులకు పదహారు లోపు తల్లి గానీ తండ్రి గానీ ఎదురుగా ఉండాలి. నాలుకకు, పచ్చబొట్టుకు పద్దెనిమిది, అందులో తల్లిదండ్రుల అనుమతికి చోటు ఉండకూడదు, ఎందుకంటే చెరగని గుర్తు మీద నిర్ణయం దానిని మోసే మనిషిదే గానీ కన్నవారిది కాదు. ఆచారంగా వేయించుకునే గిరిజనులకు, వైద్య అవసరాలకు, టెక్సస్ తరహాలో పాత గుర్తును కప్పడానికి మినహాయింపులు ఉండాలి. శిక్ష ఎప్పుడూ పొడిచిన చేతికే తప్ప పొడిపించుకున్న బిడ్డకు పడకూడదు, లేకపోతే చీము పట్టిన గాయంతో పిల్లలు ఆసుపత్రికి రావడానికే భయపడతారు. ట్రేడ్ లైసెన్సు ఇచ్చే మున్సిపాలిటీలు, జాతర స్థలాన్ని వేలం వేసే పంచాయతీలు, దేవస్థానాలు తమ షరతుల్లో మూడు వాక్యాలు చేర్చినా ఢిల్లీ నుంచి చట్టం వచ్చేదాకా ఎదురుచూడనక్కర్లేదు: మనిషికొక కొత్త సూది, మనిషికొక రంగు మూత, కూర్చునే ముందు పుట్టిన తేదీ ఉన్న కార్డు.